పిచుక గొంతు

డ్రైవింగ్ స్కూలు ఆఫీసు గది,
సోమవారం

అక్కయ్యకు,

ఫోను చేయవద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. ఫోనులో నేను నిన్ను మాట్లాడనివ్వనట. సరే, తీరిగ్గా చదువుకో. మధ్యలో నేను అడ్డురాను.

పిచుక నీ దగ్గరికి చేరింది కదా. మీ ఊళ్లో కొరియర్ ఆఫీసులో ఉద్యోగమని పంపాను గానీ అసలు సంగతి నీకు చెప్పలేదు. నా కూతురు పాడుతోంది. పాడటమంటే నువ్వు ప్రార్థనలో పాడినట్టు కాదు. బ్రూటల్ డెత్ మెటల్ అట దాని పేరు. మొదటి మాట కిరాతకం, రెండోది చావు, మూడోది ఇనుము. ఇందులో సంగీతం ఎక్కడుందో చూపించిన వాళ్లకి ఫీజు లేకుండా డ్రైవింగ్ నేర్పుతాను.

ఒకసారి దాని గది బయట నిలబడి విన్నాను. లోపల ఎవరిదో పీక నొక్కుతున్నారనుకుని తలుపు బాదాను. తలుపు తీసి, "ఏంటి నాన్నా?" అంది, ఎప్పటి సన్న గొంతుతోనే. చేతిలో మంచినీళ్ల గ్లాసు. గదిలో ఇంకెవరూ లేరు. పుట్టినప్పుడు ఏడుపు సరిగ్గా వినపడలేదని నర్సు గిల్లిన పిల్ల అక్కా ఇది. ఆ గొంతు చూసే కదా నువ్వు పిచుక అన్నావు. ఆ పిల్లకి ఈ గొంతు ఎక్కణ్ణించి వచ్చింది?

"ఇదేం పాటే?" అన్నాను.

"కుళ్లిపోవడం గురించి నాన్నా," అంది, కూరగాయల సంగతి చెప్పినట్టు.

వాళ్లమ్మ పోయి ఏడాది తిరగలేదు. ఇంట్లో చూసిన చావు చాలలేదా దీనికి? మీ ఊళ్లో ముగ్గురు కుర్రాళ్లు దొరికారట. వాళ్లతో కలిసి, వానలు తగ్గాక, ఇక్కడ మా ఊళ్లోనే స్టేజీ ఎక్కుతుందట. ఈ ఊళ్లో స్టీరింగు పట్టిన వాళ్లలో సగం మంది నా దగ్గర నేర్చుకున్నవాళ్లే. వాళ్లంతా చూస్తుండగా! నేను చెప్పేశాను, ఆ స్టేజీ ఎక్కితే మళ్లీ నా గుమ్మం ఎక్కకు అని. "సరే నాన్నా," అంది. అంత తేలిగ్గా సరే అంటుందని నేననుకోలేదు.

నీ మాట ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. మాన్పించు. నేర్చుకునేవాళ్లు ఎక్కడ గుద్దేస్తారోనని రోజంతా నా కాలు రెండో బ్రేకు మీదే ఉంటుంది. ఇంటికొచ్చి కూడా అదే పని చేయమంటే నా వల్ల కాదు.

నీ తమ్ముడు


మేడ మీది ఇల్లు,
ఆదివారం, ప్రార్థన అయ్యాక

తమ్ముడికి,

ఉత్తరం అందింది. పిల్ల బాగుంది. వేళకి తింటోంది. తన కప్పు తనే కడుగుతోంది. ఈ చివరిది మీ ఇంట్లో నేర్చుకుని ఉండదు.

మాన్పించమన్నావు. ఏది మాన్పించాలో తెలియకుండా ఎలా మాన్పించను? మిల్లులో గుడ్డని కూడా బల్ల మీద పరిచి, కింద దీపం వేసి చూశాకే తప్పుందో లేదో చెబుతాను. నీ పాట వింటానని దానితో అన్నాను.

"భయమేస్తుందత్తా నీకు," అంది.

"నీకు వేయదా?" అన్నాను.

కప్పు కడగడానికి లేచిపోయింది.

ముందు గొంతు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆ అరుపులకి లోపలేదో చిరిగిపోయి ఉంటుందని నా భయం. ఆవిడ గొట్టం పెట్టి చూసి, పిల్ల గొంతు నిక్షేపంగా ఉందంది. ఎలాగూ వచ్చాను కదా అని నేనూ చూపించుకున్నాను. నాకు చప్పరించే బిళ్లలు రాసింది. ప్రార్థనలో పైస్థాయికి వెళ్లొద్దంది. పిచుక ఇంటిదాకా నవ్వుతూనే ఉంది.

గుమ్మం సంగతి. అలాంటి మాట అనేముందు నాకు ఒక ఉత్తరం ముక్క రాయవలసింది. అనేశాక రాశావు.

అక్క


డ్రైవింగ్ స్కూలు ఆఫీసు గది,
బుధవారం

అక్కా,

నేను మాన్పించమంటే నువ్వు డాక్టరు చేత దాని గొంతు భేషని చెప్పించావు! ఇక అది ఆగుతుందా? నాకు ఫోను చేసి, "అత్త గొంతు కంటే నాది నయమట నాన్నా," అంది. దానికి ఇదొక బిరుదు.

ఈ చిరాకులో నిన్న కారు నేర్చుకోవడానికి వచ్చిన బ్యాంకు మేనేజరు మీద అరిచాను. ఆయన భయపడి క్లచ్చు, బ్రేకు కలిపి తొక్కి, తర్వాత రెండూ వదిలేశాడు. పూలకుండీ పోయింది. కుండీ ఎవరిదంటే నాదే, ఆఫీసు ముందుది.

ఒక్క పని చెయ్యి. ఆ పాటల్లో మాటలేంటో కనుక్కో. నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏదైనా రాయకూడని రాత ఉంటే అదే పట్టుకుని అడుగుదాం. నువ్వు అడిగితే అబద్ధం చెప్పదు.

తమ్ముడు


మేడ మీది ఇల్లు,
ఆదివారం

తమ్ముడికి,

వెళ్లాను. టైర్ల గోడౌను పైన ఒక గది. గోడలకి పాత పరుపులు కొట్టారు. కుర్రాళ్లు నాకు కుర్చీ తుడిచి వేశారు. డ్రమ్ములవాడు మందుల షాపులో పనిచేస్తాడట. చెవుల్లో పెట్టుకోమని మెత్తటి బిరడాలు ఇచ్చి, "ఇబ్బందైతే చెయ్యెత్తండి అత్తగారూ, ఆపేస్తాం," అన్నాడు. నువ్వనుకున్నట్టు కొమ్ములేమీ లేవు ఎవరికీ. నీ శిష్యులకంటే మర్యాదస్తులు.

మొదట విసుగేసింది. తర్వాత తల దిమ్మెక్కింది. చెయ్యెత్తుదామనుకున్నాను. ఎత్తలేదు. ఎందుకో చెప్పలేను. కాసేపటికి ఒక చెవిలో బిరడా నేనే తీసేశాను.

ఇంటికొచ్చి, చాలా నెలల తర్వాత, ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

నాన్న మగ్గాల షెడ్డు గుర్తుందా? పక్క గదిలోనే మన పడక. మరమగ్గాలు ఆడుతున్నంతసేపు నిద్ర, కరెంటు పోయి ఆగితే మెలకువ. ఈ డ్రమ్ములు అచ్చం అవే. నాకు నా మీదే చిరాగ్గా ఉంది. పొద్దున ప్రార్థనలో నోరు ప్రార్థన చేస్తోంది, కాలి బొటనవేలు డ్రమ్ము కొడుతోంది. దేవుడికి విన్నవించుకున్నాను. ఆయనేమీ అనలేదు.

మాటలు అడిగాను. దాచకుండా చూపించింది. చదివాను. నీకు రాయను.

అక్క


ఇల్లు,
శుక్రవారం

అక్కా,

రాయను అని రాయడానికి ఒక ఉత్తరమా? నేను మనిషినా, ట్రాఫిక్ స్తంభాన్నా?

నువ్వు దాన్ని మారుస్తావని పంపితే అది నిన్ను మార్చేలా ఉంది. నిద్ర బాగా పట్టిందట! నాకు ఇక్కడ కన్ను మూతపడటం లేదు.

ఆ మాటలు నా గురించేనా? అదే అయితే చెప్పు, పడతాను. కానీ నేనేం తక్కువ చేశాను? వాళ్లమ్మ మంచాన పడ్డ రోజు నుంచీ పుళ్లు తుడిచింది నేను, పక్క మార్చింది నేను, గొట్టాలు కడిగింది నేను. స్కూలు మూసేసి కూర్చున్నాను. పిల్ల కంట ఏదీ పడనివ్వలేదు. పొద్దున ఆవిడకి తల దువ్వి, దుప్పటి మార్చి, అప్పుడు పిలిచేవాణ్ణి లోపలికి. సాయంత్రం శుభ్రం చేసే వేళకి తలుపు మూసేసేవాణ్ణి. వచ్చిన చుట్టాలని కూడా బయటే కూర్చోబెట్టాను. దానికి వాళ్లమ్మ ముఖం బాగున్నప్పటిదే గుర్తుండాలని.

అంత జాగ్రత్తగా పెంచిన పిల్లకి ఈ కుళ్లు ఎక్కడ అంటుకుంది? నువ్వే చెప్పు.

తమ్ముడు


మేడ మీది ఇల్లు,
ఆదివారం

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాకే దాన్ని అడిగాను. ఉతికిన బట్టలు మడతపెడుతున్నాం. ఆ గొంతు ఎవరి దగ్గర నేర్చుకున్నావే అన్నాను.

"అమ్మ దగ్గర," అంది.

చేతిలో దిండు గలీబు మడతపెట్టడం మానలేదు. దాని మాటలు దాని మాటలుగానే రాస్తున్నాను.

"సాయంత్రాలు నాన్న తలుపు వేసేసేవాడు కదత్తా. లోపల్నించి ఆ శబ్దం వచ్చేది. గరగరమని, లోపలికి లాగుతున్నట్టు. అమ్మ అలా అరిచేది. నేను టీవీ సౌండు పెంచేదాన్ని. తలుపు తీశాక నాన్న చేతులు కడుక్కుని, ఏమైనా తిన్నావా అనేవాడు. నేను తిన్నాననేదాన్ని. అంతే. లోపల అమ్మకి ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదు. నేనే ఊహించుకున్నా. ఊహించినవన్నీ పాటల్లో పెట్టాను."

"మరి ఆ గొంతు?"

"ఆ శబ్దం చెవిలోంచి పోలేదు. అదే నాకొస్తే భయం పోతుందనుకున్నా. సాధన చేశా. వచ్చింది."

"పోయిందా భయం?"

"పాడుతున్నంతసేపు ఉండదత్తా. అది బయట ఉన్నప్పుడు భయం. నా నోట్లోంచే వస్తుంటే దానికి నేనే యజమానిని."

నువ్వడిగినదానికి ఇదీ జవాబు. మాటలు నీ గురించి కావు. తలుపు గురించి. అవతల ఏం జరిగిందో నేనడగడం లేదు. అది అడుగుతోంది, నువ్వు స్టేజీ గొడవలో వినిపించుకోవడం లేదు.

అక్క


ఇల్లు,
మంగళవారం

అక్కా,

అది ఆవిడ గొంతు కాదు.

అది మిషను. గొంతులో కఫం లాగే మిషను, ఆసుపత్రి వాళ్లు అద్దెకిచ్చింది. పాత మోటారు. గొట్టం పెడితే గరగరమని లాగేది, ఆపబోతే ఒకసారి ఎక్కిళ్లు పెట్టినట్టు చేసి ఆగేది. పొద్దున పిల్ల వచ్చేముందు దాన్ని మంచం కిందికి తోసి గుడ్డ కప్పేవాణ్ణి, చూసి జడుసుకుంటుందని.

ఆవిడ అరవనే లేదక్కా. ఒక్కనాడూ. మిషను ఆపగానే ఊపిరి తేలికై, మొదటి పని నన్ను తిట్టడం. దుప్పటి మడత వంకరగా వేశానని. ఇన్నేళ్లొచ్చినా దుప్పటి మడత రాదా మీకు అని. అంత సన్నగా, గుసగుసగా తిట్టేది. ఆ గొంతు తలుపు దాటి వచ్చేది కాదు. దాటి వచ్చింది మిషను చప్పుడే.

నేనేం చేశాను చూడు. వినకూడనిది వినిపించి, వినాల్సినది మూసేశాను.

నువ్వు చెప్పు దానికి. నెమ్మదిగా, నీ పద్ధతిలో. నేను నోరు తెరిస్తే ముందు స్టేజీ గొడవే వస్తుంది. అదీగాక, నువ్వు ఇన్నాళ్లూ మీ అమ్మ గొంతనుకుని సాధన చేసింది మోటారునే అని ఏ ముఖంతో చెప్పను? అది విరిగిపోతే?

తమ్ముడు


మేడ మీది ఇల్లు,
గురువారం

తమ్ముడికి,

నేను చెప్పను.

నీకు బదులు నేను చాలా చెప్పాను ఇన్నేళ్లూ. చదువు మానేస్తానన్నప్పుడు నాన్నకి నేనే చెప్పాను. పెళ్లి సంగతీ నేనే చెప్పాను. ఇది మాత్రం ఆ గదిలో ఉన్నవాడే చెప్పాలి. నేను లేను.

నీకు తెలియని సంగతి ఒకటి రాస్తాను. నువ్వు చిన్నవాడివి అప్పటికి. అమ్మ పోయాక నాన్న మనతో ఒక్క మాట మాట్లాడలేదు గుర్తుందా? పనిలోకి వెళ్లాడు, అంతే. ఒకనాడు మధ్యాహ్నం నేను నూలు కండెలు ఇవ్వడానికి షెడ్డులోకి వెళ్లాను. మగ్గాలన్నీ ఆడుతున్నాయి. వాటి మధ్య నాన్న నిలబడి ఉన్నాడు. నోరు పెద్దగా తెరిచి ఉంది. ఆవులిస్తున్నాడనుకున్నాను. మెడ నరాలు చూశాక అర్థమైంది. ఒక్క ముక్క వినపడలేదు ఆ చప్పుడులో. మగ్గాలు ఆపి బయటికొచ్చి, అన్నం పెట్టమన్నాడు.

గోడౌనులో పిచుక నోరు తెరవగానే నాకు ఆ ముఖమే కనిపించింది. అదే నోరు, అవే నరాలు. ఈసారి శబ్దం కూడా వచ్చింది. చెయ్యెందుకు ఎత్తలేదో చెప్పలేనని రాశాను కదా. చెప్పగలను. ఇదీ కారణం.

మన ఇంట్లో అందరూ మిషన్ల చాటునే ఏడుస్తున్నారు. నాకు విసుగొచ్చింది.

శనివారం సాయంత్రం మీ ఊళ్లో వాళ్ల ప్రదర్శన. నాకు మిల్లులో సెలవు లేదు, రాను. పిచుక మీ ఇంటికి రాదు. గుమ్మం ఎక్కొద్దన్నావు కదా. డ్రమ్ములవాడి మేనమామ ఇంట్లో దిగుతుంది. సొంత ఊళ్లో, పరాయివాళ్ల ఇంట్లో. నా బిళ్లలు కొన్ని దాని సంచిలో వేశాను.

ఇక నీ ఇష్టం.

అక్క


ఇల్లు,
ఆదివారం

అక్కా,

నా గొంతు పోయింది. ఫోను చేయాలనుకున్నా కుదరదు. నీకిది సంతోషమే అనుకుంటాను.

వెళ్లాను. గోడకి ఆనుకుని, తలుపు పక్కనే నిలబడ్డాను, ఎప్పుడైనా జారుకోవచ్చని. అక్కడా వదల్లేదు నన్ను. పూలకుండీ మేనేజరు కొడుకట, "మాస్టారూ! మీరూ వింటారా ఇది?" అని చెయ్యి కలిపాడు. మా అమ్మాయని చెప్పాలో, దారి తప్పి వచ్చానని చెప్పాలో తెలియక తల ఊపాను.

డ్రమ్ములు మొదలయ్యాయి. నా కుడికాలు నేల మీద బ్రేకు తొక్కుతూనే ఉంది. పిచుక ముందుకొచ్చింది. ఇంతే ఉంది, లైట్ల కింద. నోరు తెరిచింది.

అదే అక్కా. అచ్చం అదే మిషను. లాగడం అదే, గరగర అదే. పాట ఆఖర్న ఆ ఎక్కిళ్లు కూడా పెట్టింది. దాన్ని విని ఎక్కిళ్ల సంగతి కూడా పట్టుకున్న పిల్ల, తలుపు బయట ఎంతసేపు నిలబడి ఉంటుంది? నేను టీవీ చూస్తోందనుకున్నాను. అంత దగ్గరగా నిలబడి ఉంటే తప్ప ఆ ఎక్కిళ్లు వినపడవు.

కాలు ఎప్పుడు ఆగిందో తెలియదు. నోరు ఎప్పుడు తెరిచానో తెలియదు. నేనూ అరిచాను. ఏమని అరిచానో రాయను. పక్కనున్న కుర్రాడు నా భుజం తట్టి బొటనవేలు పైకెత్తాడు, పాట నచ్చి అరుస్తున్నాననుకుని. ఎవరికీ వినపడలేదు. ఒంట్లోంచి ఏదో దిగిపోయింది. ఆ పిల్లలంతా అక్కడికెందుకొస్తారో అప్పుడర్థమైంది నాకు. అర్థమైనందుకు ఒళ్లు మండింది కూడా.

అయ్యాక బయట స్కూలు కారు దగ్గర నిలబడ్డాను. అదే వెతుక్కుంటూ వచ్చింది, చెమటతో, పిచుక గొంతుతో. "నాన్నా, వచ్చావా?" అంది. జవాబు చెబుదామంటే గాలి తప్ప ఏమీ రాలేదు. నవ్వి, సంచిలోంచి బిళ్ల తీసి నా నోట్లో పెట్టింది. నీ బిళ్లే.

కార్లో కూర్చున్నాం. గుమ్మం ఎక్కొద్దన్నాను కదా, కారు ఎక్కొద్దనలేదు. పిచుకే ముందు అడిగింది.

"అమ్మ అరిచేదా నాన్నా?"

తల అడ్డంగా ఊపాను.

"నేను విన్నాను కదా."

మళ్లీ అడ్డంగా ఊపాను. "మరేంటది?" అంది. ముందు అద్దం లోపలివైపు దుమ్ముంది. వేలితో రాశాను, మిషను అని. దగ్గరికి వంగి చదువుకుంది. విరిగిపోతుందనుకున్నాను. ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. "అంటే నేను ఇన్నాళ్లూ మోటారుకి శిష్యరికం చేశానా?" అని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. అద్దాలు ఎత్తి ఉన్నాయి, ఇంజను ఆపి ఉంది. ఏ చప్పుడూ లేదు. బాగా వినపడింది.

"మరి అమ్మ ఏమనేది?" అంది.

ఉన్న గొంతంతా కూడదీసుకుని చెప్పాను. "దుప్పటి మడత సరిగ్గా వేయమనేది."

ఇంటికొచ్చింది. గుమ్మం దగ్గర ఆగి నా ముఖంలోకి చూసింది. నేను పక్కకి జరిగాను. రాత్రి తన గదిలోనే పడుకుంది. దుప్పటి నేనే మడతపెట్టి ఇచ్చాను. వంకరగానే వచ్చింది.

అయిపోయిందనుకోకు. పాట మానదట! పొద్దున లేవగానే, మిషనని తెలిశాక ఇంకా బాగా చేయగలను నాన్నా, ఆ మోటారు ఏ కంపెనీది అని అడుగుతోంది. ఇంకో ఊళ్లో స్టేజీ కూడా ఖాయమైందట. ఇప్పుడేం చేయమంటావు నన్ను?

తమ్ముడు


మేడ మీది ఇల్లు,
బుధవారం

తమ్ముడికి,

ఏమీ చేయకు. కంపెనీ పేరు గుర్తుంటే చెప్పు.

బిళ్లలు రెండు పొట్లాలుగా పంపుతున్నాను. పెద్దది నీది. అరవడం పిచుకకి వచ్చు, నీకు రాదు. ఊపిరి పొట్టలోంచి తీయాలట. దాన్నడిగి నేర్చుకో.

ఒక్క మాట. వచ్చిన చుట్టాలని బయటే కూర్చోబెట్టానని రాశావు. వాళ్లలో నేనూ ఉన్నాను. మరదలికి నేను తెచ్చిన శాలువా కూడా నువ్వే లోపలికి తీసుకెళ్లావు. ఆ సాయంత్రం నేనూ ఆ శబ్దం విన్నాను. నేనూ అదే అనుకున్నాను. అప్పట్నుంచి ప్రార్థనలో కళ్లు మూస్తే అదే వినపడేది. అడగలేదు.

మిషను ఆగాక తను ఇంకా ఏమేమనేదో నాకూ రాయి. నిన్ను తిట్టినవన్నీ రాయి. నీకు అలవాటైనంత పొడుగ్గా రాయి. ఈసారి విసుక్కోను.

అక్క